ఇంకొక్కసారి

"కూర్చోకమ్మా! ఇంకొక్కసారి లే."

రాగిణికి చిర్రెత్తుకొచ్చింది. మళ్ళీ ఆ పెద్దాయనే!

డాలస్‌లో కాలిన గాయాల పేషెంట్ల కోసం నడిపే రీహాబ్ జిమ్ అది. రోజు విడిచి రోజు భర్త మోహన్ ఆమెని పక్క ఊరు ప్లేనో నుంచి డ్రైవ్ చేసి దింపుతాడు. వచ్చినప్పుడల్లా గోడ పక్కన చక్రాల కుర్చీలో ఈ దక్షిణామూర్తిగారు. తెలుగమ్మాయని తెలిసిన దగ్గర్నుంచీ వదలడం లేదు.

వేసవిలో పెరట్లో వంట చేసే గ్యాస్ గ్రిల్ భగ్గుమని రాగిణి వీపు, చేతులు కాలాయి. చర్మం అతికించారు. గాయాలు మానాయి. కానీ మంట తాకని కాళ్ళు పుల్లల్లా అయిపోయాయి.

"కాళ్ళు కాల్లేదుగా, వీటికేమైంది?" అని థెరపిస్టు మైత్రిని అడిగింది.

"అంతగా కాలితే ఒళ్ళంతా కండ కరిగిపోతుందండీ. గాయం మానాక కూడా నెలల తరబడి కరుగుతూనే ఉంటుంది. ఎక్సర్‌సైజ్ చేసి మళ్ళీ పెంచుకోవాలి."

రాగిణికి అంత ఓపిక లేదు. ఇంట్లో చిన్నారి కూతురు దియ ఎత్తుకోమని చేతులు చాస్తుంది. వంగితే మోకాళ్ళు వణుకుతాయి. పగలల్లా ఒక కుర్చీలోంచి ఇంకో కుర్చీలోకి మారుతుంది, ఎక్కడా కుదురుండదు.

"లేమ్మా. ఇవాళ మానేస్తే రేపు ఇంకా కష్టం," అన్నారు పెద్దాయన.

"నా నొప్పి మీకేం తెలుసంకుల్?"

"తెలుసమ్మా. అయినా లే."

"ముందు మీరు లేచి చూపించండి! కుర్చీలో కూర్చుని ఎన్నయినా చెప్పొచ్చు."

జిమ్‌లో అందరూ ఇటు తిరిగారు.

"అదీ నిజమేలే," అని ఆయన కుర్చీ తిప్పుకుని వెళ్ళిపోయారు.

ఆ కోపంలోనే రాగిణి లేచింది. కూర్చుంది. మళ్ళీ లేచింది.

ఆ తర్వాత ఆయన కనపడలేదు. మొదట్లో హాయిగా అనిపించింది. రానురాను ఏదో వెలితి. అలసిపోయినప్పుడల్లా చూపు గోడవైపు పోయేది.

చలి ముదిరేసరికి దియని ఎత్తుకుని వీధి చివరిదాకా నడిచింది.

మర్నాడు జిమ్‌కి వస్తూనే మైత్రిని పట్టుకుంది.

"దక్షిణామూర్తిగారి ఫోన్ నంబర్ ఇస్తారా? సారీ చెప్పాలి."

మైత్రి చేతిలో డంబెల్ కింద పెట్టింది.

"మీకు తెలీదా? థ్యాంక్స్‌గివింగ్‌కి ముందే, నవంబర్లో పోయారండీ. న్యుమోనియా."

రాగిణి బెంచీ మీద కూలబడింది.

"ఆయన... ఇక్కడ పేషెంటా?"

"ఒకప్పుడు. ఈ ఎక్సర్‌సైజులు పనిచేస్తాయో లేదో ఎవరికీ తెలియని రోజుల్లో డాక్టర్లు ఇక్కడొక స్టడీ చేశారు, అందులో ఆయనా ఉన్నారు. చీటీలు తీసినట్టు పేషెంట్లని రెండు గ్రూపులు చేసి, ఒక గ్రూప్ చేత ఇవన్నీ చేయించారు. వాళ్ళకి కండ బాగా తిరిగొచ్చింది. అది చూశాకే మీ అందరి చేతా చేయిస్తున్నాం."

"మరి ఆయనకెందుకు తిరిగి రాలేదు?"

మైత్రి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"ఆయన రెండో గ్రూప్‌లో పడ్డారు రాగిణిగారూ, ఇంటికెళ్ళి రెస్ట్ తీసుకోమన్న గ్రూప్‌లో."