మంగళవారం పది గంటల వంతు

"ఎంత రాయాలి?"

ఫారంలో 'మీరు ఇవ్వగలిగిన ఫీజు' అన్న గడి దగ్గర వంటావిడ పెన్ను ఆగిపోయింది.

"ఇవ్వగలిగిందే రాయమ్మాయ్. తక్కువైందని ఇక్కడెవరూ మొహం మాడ్చుకోరు," అన్నాడు పక్క కుర్చీలో పెద్దాయన.

చేతిలో ఖాళీ ఫారాల కట్ట, నోట్లో అడగని సలహాలు. ప్యూనే అయ్యుంటాడనుకుంది.

ఆమెది ఒక హాస్టల్లో వంటపని. నాలుగు నెలల కిందట వంటింట్లో గ్యాసు అంటుకుని, ఆమె కళ్లముందే తోటి వంటమనిషి ప్రాణం పోయింది. ఈమె ఒంటి మీద చిన్న మచ్చ కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచి ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే చాలు, చేతులు వణుకుతాయి, ఊపిరాడదు. ఇంట్లో కూడా కూతురే స్టవ్ వెలిగించాలి.

"రెండు నెలలు చూస్తా. ఈలోగా పొయ్యి దగ్గరికి రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటా," అనేసింది వార్డెన్.

పెద్దాసుపత్రికి పోతే, "ఇన్సూరెన్సుందా?" అన్నారు. రోజుకూలి మనిషికి ఇన్సూరెన్సెక్కడిది! ఒక్క సిట్టింగుకి వాళ్లు చెప్పిన ఫీజు వింటే ఉన్న జబ్బు కాస్తా ముదిరినంత పనయింది. అక్కడి నర్సే జాలిపడి ఈ చోటు చెప్పింది. కౌన్సెలింగు నేర్పే కాలేజీ ఇది. చదువుకునే పిల్లలు చూస్తారు, వెనకాల మేడం కనిపెట్టుకుని ఉంటుంది.

ఫారం తీసుకుని గుమాస్తా, "మూడు నెలలాగాలి. లిస్టు పెద్దది," అన్నాడు.

దేవుడు కరుణించినా పూజారి కరుణించడంటే ఇదే!

"మూడు నెలలా? అప్పటిదాకా నా పని ఉంటుందా?" ఆమెకి ఏడుపొచ్చేసింది.

"ఉండమ్మాయ్, కంగారుపడకు." పెద్దాయన లేచి కౌంటరు దగ్గర ఏదో గొణిగి వచ్చాడు. "వచ్చే మంగళవారం పది గంటలకి నీ వంతు. ఆ తర్వాత ప్రతి మంగళవారమూ నీదే. మానకుండా రా."

"నీకెంతివ్వాలి?"

"నాకా? నాకెందుకూ!" నవ్వేశాడు.

ఊరికే ఎవరు చేస్తారు? ఆమెకి నమ్మకం కుదరలేదు. అయినా మంగళవారం వచ్చింది.

లోపల కూర్చున్నది ఆమె కూతురికన్నా మహా అయితే నాలుగేళ్లు పెద్ద. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అనుకుంది. తీరా గంట గడిచేసరికి, నాలుగు నెలలుగా ఎవరికీ చెప్పనిది చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది.

బయటికొస్తే పెద్దాయన పట్టుకున్నాడు.

"ఏమడిగారు? అంతా మొదటిరోజే చెప్పాలా? చెప్పలేనంటే ఊరుకుంటారా?"

"అన్నీ నీకెందుకయ్యా? నీ పని నువ్వు చూసుకో!" గయ్యిమంది.

ఆయన మొహం చిన్నబోయింది. "నిజమేలే," అని వరండా ఆ చివరికెళ్లి కూర్చున్నాడు. తర్వాత ఎప్పుడు ఎదురుపడినా తలూపేవాడే తప్ప, ఇంకేమీ అడగలేదు.

ఆ పిల్లకాకి మాత్రం గట్టి పిండమే. అగ్గిపెట్టె ఊరికే చేత్తో పట్టుకోవడానికే రెండు వారాలు ఇచ్చింది. పుల్ల గీయించడానికి ఇంకో రెండు. ఎక్కడా తొందరపెట్టలేదు.

ఏడోవారం వంటావిడ వరండాలోకి పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఇంట్లో స్టవ్ నేనే వెలిగించా! వంటంతా నేనే చేశా!"

ఆ కేకకి వరండా చివర పెద్దాయనే కాదు, కౌంటర్లో గుమాస్తా కూడా తలెత్తి చూశాడు.

మరుసటి వారం హాస్టల్లో మళ్లీ పనికెక్కింది. ఆ మంగళవారం వచ్చేసరికి వరండాలో పెద్దాయన లేడు. తను అన్న మాట అప్పటికే మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది.

"మీ ప్యూను ఏడండీ? ఆ రోజు ఊరికే నోరు పారేసుకున్నా. ఏమీ అనుకోవద్దని చెప్పాలి."

"మాకు ప్యూనెవరూ లేరే!" అన్నాడు గుమాస్తా.

"అదేనండీ, నాకు వంతు ఇప్పించిన పెద్దాయన."

"ఆయనా? లోపల రెండో గదిలో ఉన్నాడు. గంట పడుతుంది."

"లోపలేం పని?"

గుమాస్తా ఆమెని వింతగా చూశాడు.

"పనేంటమ్మా! ఆయన రెండేళ్లుగా మా లిస్టులో ఉన్న పేషెంటు. తన వంతు వచ్చినప్పుడల్లా లోపలికెళ్లే ధైర్యం చాలక, మీకిచ్చినట్టే ఎవరికో ఒకరికి ఇచ్చేసేవాడు. పోయినవారం మీ కేక విన్నాక ఇవాళే మొదటిసారి తన వంతు తను తీసుకున్నాడు."