కొత్త సిస్టమ్‌లో మామగారు

ఆడేవాళ్ల తీరును ఆటలే నేర్చుకునే కాలం వచ్చాక, పోయినవాళ్లు కూడా ఇళ్లలో ఆడుతూనే ఉన్నారు. మా మామగారు పోయాక కూడా రోజూ భోజనాలయ్యాక పాత ల్యాప్‌టాప్‌లో అత్తయ్యతో అష్టాచెమ్మా ఆడతారు. అందులోని ఆపరేటింగ్ సిస్టమ్ ఈ నెలతో ఆగిపోతుందన్నారు. నలుగురినీ అడిగి, పాత ల్యాప్‌టాప్‌ల మీద ఆటలు బాగా నడుపుతుందని పేరున్న వేరే సిస్టమ్ ఎంచుకుని, బెండకాయలు తరుగుతూ ఎక్కించాను. పాతది పూర్తిగా చెరిగిపోయింది. ఆట మాత్రం మామగారితో సహా కొత్తదాంట్లోకి వచ్చింది.

మొదటి ఆట అత్తయ్యే గెలిచారు.

"చూశారా అత్తయ్యా, ఎంత స్పీడో!"

"స్పీడు సరేలేవే అరుంధతీ. మీ మామగారు ఒక్క తొండి కూడా చెయ్యలేదేం?"

"ఈ సిస్టమ్ తొండి ఒప్పుకోదండీ."

"మరి ఈయనెవరే?"

పాతదాన్ని తిరిగి తెచ్చే దారి నా దగ్గర లేదు. తెర మీద మామగారు "ఇంకో ఆట?" అంటున్నారు. అత్తయ్య పైట సర్దుకుని, పరాయి మగాడి ఎదుట నుంచి లేచినట్టు లేచి వెళ్లారు.