వంతెన కింద నిద్ర

“లేవండి! ముందు ఆ వాగులోంచి బయటికి రండి!” అని ఫోన్లో అరిచాను. పెళ్ళయ్యాక ఆయన మీద గొంతు పెంచడం అదే మొదటిసారి.

ఆయన సైకిల్ పందెంలో ఉన్నారు. రోజుల తరబడి దారి. ఎవరి గుడారం, ఎవరి తిండి వాళ్ళే మోసుకోవాలి. నిద్ర చాలక రాళ్ళు కూడా మనుషుల్లా కనబడుతున్నాయని ముందురోజే చెప్పారు. ఎక్కడున్నారో ఫోన్లో చుక్క చూపిస్తుంది. ఆ మధ్యాహ్నం చుక్క ఎండిన వాగులో, వంతెన కింద ఆగిపోయింది. టీవీలో చూస్తే పై కొండల్లో కుండపోత.

“నువ్వు లేపావని ఎక్కడా అనకు. బయటి సాయం తీసుకున్నానని పందెంలోంచి తీసేస్తారు,” అని గొణిగారు. చుక్క కదిలాకే నాకు ఊపిరి ఆడింది.

పక్కనే ఉన్న అత్తయ్య నన్ను దగ్గరికి తీసుకున్నారు. “నోట్లో నాలుకే లేదనుకున్నాను. నా కొడుకుని బతికించావు కదే!”

పందెం ఆయనే గెలిచారు. అప్పటికి రెండో స్థానంలో ఉన్న మా ఊరి డ్రాయింగు మాస్టారిని ఆ వాగే లాక్కుపోయింది.

ఇంటికొచ్చాక ఆయన కాళ్ళకు నూనె రాస్తూ, భయపడుతూనే అడిగాను.

“మాస్టారు కూడా ఆ వంతెన కిందే పడుకున్నారట. మీకు కనబడలేదేమో కదా?”

“ఎందుకు కనబడడు? నా గుడారం పక్కనే వాడి గుడారం.”

“మరి లేపలేదా?”

“భలేదానివే! లేపితే నాకంటే ముందు వెళ్ళిపోడూ?” అన్నారు, కళ్ళు మూసుకునే.