చెత్తబండి పాట

కచేరీకి గల్లీ మొత్తాన్నీ పిలిచినా ఒక్కరూ రాలేదు. ఆటిజం పిల్లల బడిలో సంగీతం నేర్పే సుచిత్ర ఖాళీ కుర్చీలు చూసి నీరుగారిపోయింది.

"నీకు నచ్చింది వాయించు బిడ్డా," అంది శిష్యురాలు భవానితో.

ఆ పిల్ల కీబోర్డు మీద, రోజూ పొద్దున గల్లీకొచ్చే సిద్దిపేట మున్సిపాలిటీ చెత్తబండి పాట అందుకుంది. అచ్చం అదే. మైకు గల్లీ చివరిదాకా మోగింది.

"గిదేంది, బండి మల్ల వచ్చింది?" అంటూ జనం బకెట్లతో ఉరికొచ్చారు. సంగతి తెలిసి నవ్వుకుంటూ, బకెట్లు కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. హాలు నిండింది.

కొత్తవాళ్లతో ఎన్నడూ నోరు విప్పని భవాని పాట ఆపి వచ్చి, ముందు వరస బకెట్లలోకి తొంగి చూసింది.

"తడి, పొడి కలిపిన్రు. వాపస్ పోండ్రి."

అందరూ బకెట్లు పట్టుకుని లేచి వెళ్లిపోయారు. సుచిత్ర తల పట్టుకుంది.

కాసేపటికి మళ్లీ వచ్చారు, రెండు చేతులా రెండు బకెట్లతో.