గద్దలు వాలిన చెట్లు

రొయ్యల చెరువు దగ్గర గద్దలు మూగాయంటే రొయ్య చస్తోందని అర్థం. అందుకే మా ఆయన పొద్దున్నే నా బైనాక్యులర్స్ నా చేతికిచ్చారు.

"నీ పిట్టల్తోపాటు అమ్మిరాజు చెరువు మీద కూడా ఓ కన్నెయ్యి. వాడి రొయ్యకి తెల్లమచ్చ తెగులు తగిలినట్టుంది. ఆ నీళ్లు కాలవలోకి వదిలేశాడంటే మన చెరువూ పోద్ది. నువ్వు అటు గట్టు మీదకెళ్లు, ఇక్కడ నేను చూసుకుంటా."

వెళ్లి చూశాను. నిజమే, అమ్మిరాజు కొబ్బరిచెట్ల నిండా గద్దలే. ప్రతిదాని గోళ్లలోనూ ఒక రొయ్య.

అమ్మిరాజు నన్ను చూసి గట్టెక్కి వచ్చాడు. "పిట్టల్ని చూత్తన్నారా వదినగారూ, మా చెరువునా?"

"పిట్టల్నేనండీ. ఇవన్నీ మీ చెట్లనే ఎందుకు పట్టుకున్నాయో అని."

"నేనూ అదే చూత్తన్నానండి," అన్నాడు. నవ్వలేదు.

తప్పు కప్పిపుచ్చుకునేవాడి మాటలా అనిపించింది. కానీ నా అనుమానాన్ని కూడా నేను పూర్తిగా నమ్మను. గద్దలు ఇక్కడ తినడం చూశాను గాని, పట్టడం చూడలేదు కదా!

అంతలో ఒక గద్ద లేచింది. బైనాక్యులర్స్ దాని వెంటే తిప్పాను. అది అమ్మిరాజు చెరువు దాటింది, కాలవ దాటింది, మా చెరువులోకి దిగి ఒక రొయ్యను తన్నుకుపోయింది.

ఆ పక్కనే మా తూము. మా ఆయన వంగి, తూము పలక పైకి లాగుతున్నారు. నీళ్లు కాలవలోకి దూకుతున్నాయి.

నా పక్కన అమ్మిరాజు చెయ్యి చాపాడు.

"ఏం కనపడిందండి? ఓసారి ఇలా ఇవ్వండి వదినగారూ."