ఎదురు కుర్చీ

“మళ్ళీ మీ కనుబొమ్మలు లేచాయండీ,” అంది చెవి పరీక్షలు చేసే అమ్మాయి. “పాప చప్పుడు వినట్లేదు. మీ మొహం చూసి కనిపెట్టేస్తోంది.”

తండ్రి తల వంచుకుని గదిలోంచి బయటికొచ్చాడు.

నాలుగేళ్ళ ఆ పిల్లను ఇంట్లో అందరూ పిడుగు అంటారు. పుట్టుచెవుడు. జన్యు చికిత్స చేశారు. పనిచేయని జన్యువుకు బదులు పనిచేసేదాన్ని కుడిచెవిలోకి ఎక్కించి రెండు నెలలైంది. పరీక్ష గదిలో స్పీకరు మోగినప్పుడల్లా పిల్ల ఓ చెక్కముక్కను బుట్టలో వేయాలి. ఇవాళ వేస్తేనే రెండో చెవికి మందు, లేకపోతే ఇంతటితో సరి అన్నాడు డాక్టరు.

ఎదురు కుర్చీలో ఇంటి మనిషి లేకపోతే పిడుగు గది పీకి పందిరేస్తుంది. తండ్రి తర్వాత నాయనమ్మ కూర్చుంది. మోగిన ప్రతిసారీ గంగిరెద్దులా తలూపింది.

“ఇక మీ ఆవిడే కూర్చోవాలి. ఆవిడైతే మాకు ఏ అనుమానమూ ఉండదు,” అంది అమ్మాయి.

నాయనమ్మ కొడుకు చెయ్యి గిల్లింది. “ఈ వైద్యమే వద్దన్న మనిషిరా! ‘నా కూతురికేం తక్కువ’ అని నీతో పోట్లాడలేదూ? వేయొద్దని పిల్లకు సైగ చేసిందంటే అంతే సంగతులు.”

ఆ భయం తండ్రికీ ఉంది. వినడం వస్తే పిల్ల ఇక తనకు దక్కదని భార్య కుళ్ళికుళ్ళి ఏడవడం అతను చూశాడు.

భార్య లేచి లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళో బిగించి పెట్టుకుంది.

గది అద్దానికి ఇవతల, తండ్రీ నాయనమ్మా చూస్తుండగా, అమ్మాయి మీట నొక్కింది. స్పీకరు మోగింది. పిడుగు తల్లి మొహమంతా వెతికింది. అక్కడ ఉలుకూ లేదు, పలుకూ లేదు. చెక్కముక్క కదల్లేదు.

మళ్ళీ మోగింది. కదల్లేదు.

“పిల్లను చూసి ఓ నవ్వైనా నవ్వదేం? రాయిలా కూర్చుంది!” నాయనమ్మ గొణిగింది. తండ్రి అద్దానికి మొహం ఆనించాడు.

మూడోసారి మోగింది. పిడుగు తల్లి మొహం మీంచి చూపు తీసేసింది. ఎవరో పిలిచినట్టు కుడివైపుకు తల తిప్పింది. చెక్కముక్క బుట్టలో పడింది.

అమ్మాయి కాసేపు మీట ముట్టలేదు. పిల్ల చెయ్యీ కదల్లేదు. చప్పుడు బాగా తగ్గించి నొక్కింది. ఇంకో చెక్కముక్క పడింది.

నాయనమ్మ కొడుకు భుజం పట్టుకుని భోరుమంది.

పుట్టినప్పటి నుంచీ ఏ చప్పుడూ ఎరగని ఆ తల్లి, బుట్టలోని చెక్కముక్కలను చూసి, అద్దం ఇవతలి భర్త వైపు తిరిగి, చేతులతో అడిగింది: “మోగిందా?”