పులుసులో గోరు

అన్నం ముద్ద కట్టడం లేదు.

వేళ్ళు ఎలా తిప్పినా రామలక్ష్మికి గోళ్ళే ముందు తగులుతున్నాయి. పెళ్ళికని మిడిల్ పాయింట్ బజార్లో పార్లర్‌కి వెళ్ళి అంటించుకున్న గోళ్ళు. నిగనిగలాడే ఎరుపు, పైన బంగారు చుక్కలు.

"ఏక్ మహీనా హిలేగా భీ నహీ, దీదీ," అంది అంటించిన పిల్ల. నెల దాకా కదలనైనా కదలవట.

అత్తవారింట్లో ఇదే మొదటి భోజనం. దీవుల్లో, హోప్ టౌన్ పడవల జెట్టీ పక్కన ఇల్లు, చేపలవేట కుటుంబం. భర్త గణేశ్వరరావుకి ఇది రెండో పెళ్ళే అయినా, మనిషి మంచివాడని పుట్టిల్లు లంబాలైన్‌లో నాన్న గట్టిగా చెప్పి మరీ ఇచ్చాడు.

పులుసు కలుపుతూ రామలక్ష్మి చెయ్యి చూసుకుంది.

చూపుడువేలికి గోరు లేదు.

పళ్ళెమంతా కెలికింది. కనబడలేదు. ఇందాక గిన్నె పట్టుకుని అందరికీ పులుసు వడ్డించింది తనే. ఎవరి పళ్ళెంలో పడిందో! ఎవరి గొంతులో గుచ్చుకుంటుందో!

తలెత్తింది. ఎదురుగా ఉన్న ముసలావిడ తననే చూస్తోంది.

పెళ్ళి పందిట్లోనూ ఇలాగే రెప్ప వేయకుండా చూసింది. పేరు ఎరుకమ్మట. ఈ ఇంటికి ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

ఎరుకమ్మ తన పళ్ళెంలోంచి ఏదో తీసింది. ఎర్రగా మెరిసింది. దాన్ని మెల్లగా కొంగున ముడి వేసుకుంది.

రామలక్ష్మి గోరు లేని వేలిని మడిచి దాచుకుంది. ఈవిడ తప్పక అత్తగారికి చూపిస్తుంది. ఇవాళ కాకపోతే రేపు.

"ఏటే కోడలా, తినవేం?" వంటింట్లోంచి వస్తూ అత్తగారు కాసులమ్మ అడిగింది.

"కవళ్ళ చేపల ముళ్ళు అలవాటు లేనట్టున్నాదొదినా," అంది ఎరుకమ్మ. రామలక్ష్మి పళ్ళెం తన ముందుకు లాక్కుని, ముళ్ళు తీసి, అన్నం ముద్దలు చేసిచ్చింది.

రామలక్ష్మి ఒక్కో ముద్దా తలెత్తకుండా తింది. ఏం కావాలి ఈవిడకి?

సాయంత్రం భర్తనే అడిగింది. "ఎవరండీ ఆవిడ?"

"మనవాళ్ళావిడే. నాలుగు రోజులుండి వెళ్ళిపోద్ది," అన్నాడు గణేశ్వరరావు. మొహం పక్కకి తిప్పుకుని అన్నాడు.

దాంతో భయం రెండింతలైంది.

మర్నాడు పొద్దున జాకెట్టు హుక్కులు పట్టడం లేదు. గోళ్ళతో లాగి లాగి ఏడుపొచ్చింది. ఇంతలో వీపుకి చల్లటి వేళ్ళు తగిలాయి. ఒక్కో హుక్కూ పెడుతున్నాయి.

ఎరుకమ్మ!

ఎప్పుడొచ్చింది? ఎంతసేపట్నుంచి చూస్తోంది?

"చిక్కిపోకమ్మా. ఏళకి తిను," అంది ఎరుకమ్మ.

రామలక్ష్మి పైట లాక్కుని పక్కకి జరిగింది.

"టీ పెట్టమ్మా!" పెరట్లోంచి కాసులమ్మ కేకేసింది.

లైటరు నొక్కబోతే గోరు అడ్డం. అగ్గిపుల్ల పట్టుకోబోతే జారి పడింది. రెండు పుల్లలు విరిచాక ఎలాగో స్టవ్ వెలిగింది. హమ్మయ్య అనుకునేలోగా వెనక ఏదో అలికిడి.

తిరిగి చూసింది. గుమ్మంలో ఎరుకమ్మ. ఆమె కళ్ళు రామలక్ష్మి చేతి మీద ఉన్నాయి. అంతంత కళ్ళు.

ఒక్క ఉదుటున మీదికొచ్చింది. రామలక్ష్మి చెయ్యి ఒడిసిపట్టి, తన పిడికిట్లో నలిపి, గోరు ఊడబెరికింది.

రామలక్ష్మి కెవ్వుమంది.

"ఏటయింది?" పెరట్లోంచి కాసులమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏట్లేదొదినా. బల్లిని చూసి జడుసుకుంది." ఎరుకమ్మ తన చెయ్యి కొంగులో దాచుకుంది.

గణేశ్వరరావు వేట నుంచి రాగానే రామలక్ష్మి బావురుమంది. "ఆవిడుంటే నేనుండనండీ. నా గోళ్ళు పీకేస్తోంది. నన్నేం చేస్తుందోనని భయంగా ఉంది. ప్లీజ్, భేజ్ దీజియే, పంపించెయ్యండి."

అతను భుజమ్మీది వల దించి మూలన పెట్టాడు. చివరికి "సరే" అని పెరట్లోకి నడిచాడు. అతను ఏదో చెప్పడం, ఎరుకమ్మ తలూపడం కిటికీలోంచి కనబడ్డాయి.

తెల్లారి ఎరుకమ్మ మూట కట్టుకుంది. వెళ్తూ రామలక్ష్మి తల మీద చెయ్యి పెట్టింది. ఎడమచెయ్యి. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది.

"ఆ సెయ్యికేటి?" కాసులమ్మ అడిగింది.

"గంజొలికిందొదినా."

గణేశ్వరరావు ఆవిడ్ని బోటెక్కించుకుని అవతలి ఒడ్డుకి, వైజాగు షిప్పు దగ్గరకి తీసుకెళ్ళాడు. రామలక్ష్మికి మొదటిసారి గుండెల నిండా గాలి ఆడింది.

చీపురు పట్టుకుని వంటిల్లు ఊడ్చింది. స్టవ్ కిందనుంచి ఒక ముక్క దొర్లుకొచ్చింది. తన గోరే. సగం కరిగిపోయి, బొగ్గులా మాడి ఉంది.

చెయ్యి చూసుకుంది. వేలి చివర కాస్త కమిలింది, అంతే. పక్కనే చీర కుచ్చిళ్ళు, పమిటకొంగు, అంతా నైలాను.

స్టవ్ వెలిగించినప్పుడు గోరు అంటుకుందని తనకి తెలియనే లేదు. ఆ మంట ఆవిడ పిడికిట్లో ఆరింది.

చీపురు పడేసి జెట్టీకి పరుగెత్తింది. హార్బరు ముఖద్వారం దాటుతోంది షిప్పు. పిలిస్తే వినబడేంత దగ్గరలో లేదు.

వెనకాలే ఆయాసపడుతూ వచ్చింది కాసులమ్మ. "ఏటే, ఏటయింది?"

"అత్తయ్యా, ఆవిడ మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"ఇంకెందుకొస్తాది? తమ్ముడి దగ్గరకి ఎల్లిపోయింది. ఈ దీవుల్లో ఇంకెవరున్నారు తనకి?"

"ఎవరత్తయ్యా ఆవిడ?"

కాసులమ్మ షిప్పు వైపే చూస్తూ నిలబడింది.

"నీకు సెప్పొద్దని ఒట్టేయించుకుంది. తెలిస్తే జడుసుకుంటావని. మళ్ళీ పెళ్ళే వద్దన్న మావోడి కాళ్ళా ఏళ్ళా పడి ఒప్పించింది ఆవిడే. లంబాలైన్ దాకా వచ్చి, దూరం నుంచి చూసి, నిన్నే సేసుకోమని ఎంచింది ఆవిడే."

"ఆవిడకెందుకత్తయ్యా అంత..."

కాసులమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"జొరమొచ్చి పోయిందే నా మొదటి కోడలు... దాన్ని కన్నతల్లే."